అంబాసిడర్‌కు దగ్గరి చుట్టం: పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఇంజిన్‌ను ఇంటి దగ్గరే విప్పి బిగించడం ఎలా సాధ్యం?

బ్రిటన్‌లోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 అక్టోబరు వరకు తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కార్ల సంఖ్య 5 లక్షల పైమాటే. వాటిలో అన్నిటికంటే చివర తయారైన కారుకు సైతం ఇప్పటికి 45 ఏళ్లు వచ్చాయి. అయినప్పటికీ ఆ కార్లు నేటికీ రోడ్ల మీద కనిపిస్తున్నాయంటే అందుకు ప్రధాన కారణాల్లో ఒకటి వాటి ఇంజిన్ నిర్మాణం. మెకానిక్ వృత్తిలో లేని వ్యక్తి కూడా ఇంటి పక్కనున్న షెడ్డులో ఆ ఇంజిన్‌ను ముక్కముక్కలుగా విప్పి, అరిగిన భాగాలు మార్చి, తిరిగి బిగించి నడిపించగలడు. అయితే అందులో ఏ పని ఇంట్లో చేయవచ్చు, ఏ పని చేయకూడదు అన్న విచక్షణే ఆ ఇంజిన్ భవితవ్యాన్ని తేలుస్తుంది.

ఎక్కడో బ్రిటిష్ స్పోర్ట్స్ కారు గురించి తెలుసుకుని మనకేమిటి ప్రయోజనం అనిపించవచ్చు. కానీ దాని బానెట్ కింద ఉన్న యంత్రం భారతీయులకు కొత్తది కాదు.

ఒకే వంశం, రెండు అవతారాలు

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్ కారులో దశాబ్దాల పాటు కొనసాగిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్ ఒకే కుటుంబానికి చెందినవి. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బీ-సిరీస్' ఇంజిన్లే. పిస్టన్ కిందికీ పైకీ ప్రయాణించే దూరం రెండింటిలోనూ 88.9 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా మూడున్నర అంగుళాలు. తేడా అంతా సిలిండర్ వెడల్పులోనే ఉంది: అంబాసిడర్‌లో 73 మిల్లీమీటర్లు, ఎంజీబీలో 80.26 మిల్లీమీటర్లు. ఎంజీబీకి ముందుతరమైన ఎంజీఏ 1955లో మార్కెట్లోకి వచ్చినప్పుడు దానిలో అమర్చింది 1489 సీసీ ఇంజినే. ఒకచోట మంత్రులను, పెళ్లి బృందాలను మోసిన యంత్రం, మరోచోట పైకప్పు లేని రెండు సీట్ల కారులో ఉరకలు వేసిందన్నమాట.

అంబాసిడర్‌తో తలపండిన మెకానిక్ ఎవరైనా ఎంజీబీ బానెట్ ఎత్తితే తడుముకోవలసిన పని ఉండదు. పోత ఇనుప బ్లాకు, పోత ఇనుప హెడ్డు, బ్లాకు పక్కన తిరిగే క్యామ్ షాఫ్టు, దాని నుంచి పైకి లేచే పుష్‌రాడ్లు, గాలి లోపలికి పోయే దారీ పొగ బయటికి వచ్చే దారీ ఒకే వైపున ఉండటం, అన్నీ పరిచితమే. ఎంజీబీకి అదనంగా ఉన్నది జంట ఎస్‌యూ కార్బురేటర్ల ఏర్పాటు. 1964 చివరి నుంచి వచ్చిన ఎంజీబీలలో క్రాంక్ షాఫ్టును మూడు చోట్ల కాక ఐదు చోట్ల బేరింగులు పట్టి ఉంచుతాయి. మూడు బేరింగుల పాత ఇంజిన్‌లో వెనుక భాగాన రబ్బరు సీలు లేదు. షాఫ్టు మీద చెక్కిన మరలాంటి గాడే ఆయిలును వెనక్కి నెడుతుంది. ఆగి ఉన్న పాత బండి కింద నల్లటి మరక కనిపిస్తే దాన్ని మెకానిక్ అశ్రద్ధగానే లెక్కకట్టడం సబబు కాదు. కొంతవరకు అది పుట్టుకతో వచ్చిన గుణం.

విప్పే ముందే రోగ నిర్ధారణ

ఇంజిన్ విప్పాలన్న ఉత్సాహం కంటే, విప్పాల్సిన అవసరం ఉందా లేదా అన్న పరీక్ష ముందు జరగాలి. సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వస్తుంటే ఆయిల్ మండుతోందని అర్థం. ఇంజిన్ వేడెక్కిన తర్వాత కూడా దట్టమైన తెల్లపొగ ఆగకపోతే రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి దిగుతున్నట్టు. నల్లపొగ వస్తే మాత్రం చాలావరకు ఇంజిన్ విప్పనక్కర్లేదు. పెట్రోలు ఎక్కువవుతోంది కాబట్టి కార్బురేటర్‌ను సరిచూసుకుంటే చాలు.

తర్వాతి అడుగు కంప్రెషన్ పరీక్ష. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఒక్కొక్క సిలిండర్‌కూ గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్టర్ తిప్పితే ఆ సిలిండర్ ఎంత ఒత్తిడి పుట్టిస్తోందో తెలుస్తుంది. నాలుగూ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా తగ్గితే, ఆ ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఒత్తిడి పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లోనో బోరులోనో ఉంది, ఎందుకంటే పోసిన ఆయిల్ కాసేపు ఆ సందును మూసివేసింది. పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదని అనుమానించాలి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ పడిపోతే వాటి నడుమ హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

ఈ తేడా తెలుసుకోవడం చాలా ముఖ్యం. గ్యాస్కెట్, వాల్వుల పనికి హెడ్డు ఒక్కటి ఎత్తితే సరిపోతుంది. ఇంజిన్‌ను కారులోంచి దించనక్కర్లేదు. రింగులు, బోరు, క్రాంక్ బేరింగుల దాకా వెళ్లాలంటే మాత్రం మొత్తం బయటికి తీయాల్సిందే. మెకానిక్ షెడ్లలో 'ఇంజిన్ బోర్‌కొచ్చింది' అనే మాట ఈ రెండో స్థితిని గురించినదే. మొదటిది వారాంతపు పని. రెండోది నెలల తరబడి షెడ్డును ఆక్రమించే పని.

విప్పేటప్పుడు రాసుకున్నదే, బిగించేటప్పుడు దారి

బ్యాటరీ తీగ విప్పడంతో పని మొదలవుతుంది. 1967 వరకు వచ్చిన ఎంజీబీలలో ఇప్పటి వాహనాలకు భిన్నంగా బ్యాటరీ పాజిటివ్ కొసనే బాడీకి కలిపి ఉంచారు. అలవాటు కొద్దీ చేతికందిన తీగ విప్పేవారు అక్కడే ఒక్క క్షణం ఆగాలి. నట్లు, బోల్టులు ఎక్కువగా అంగుళాల కొలతవి కాబట్టి మిల్లీమీటర్ల పానాలు వాటికి సరిగా పట్టవు. సుమారుగా పట్టే పానాతో బలవంతం చేస్తే నట్టు మూలలు అరిగిపోయి, పది నిమిషాల పని పూటంతా సాగుతుంది.

రేడియేటర్, కార్బురేటర్లు, సైలెన్సర్ గొట్టం విడదీసిన తర్వాత, ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ కలిపే క్రేన్‌తో ఎత్తి బయటికి తీయడం ఎంజీబీలో సాధారణ పద్ధతి. ఇద్దరు మనుషులు చేత్తో ఎత్తగలిగే బరువు కాదు. ఈ క్రేన్లు బ్రిటన్‌లో అద్దెకు దొరుకుతాయి. మన షెడ్లలో దూలానికి వేలాడే చెయిన్ పుల్లీ ఆ పని చేస్తుంది. అయితే ఆ దూలం అంత బరువు మోస్తుందా లేదా అన్నది ముందు చూసుకోవలసిన విషయం.

విప్పే కొద్దీ బయటపడే ముక్కలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ వాటి స్థానాలు ఒకటి కావు. క్రాంక్‌ను పట్టి ఉంచే మెయిన్ బేరింగుల మూతలను బ్లాకుకు బిగించి ఉంచే కర్మాగారంలో తొలిచారు. కాబట్టి ఒకదాని మూత మరొకదానికి పనికిరాదు. తిప్పి బిగించినా పనికిరాదు. కనెక్టింగ్ రాడ్ల మూతలదీ అదే నియమం. క్యామ్ షాఫ్టు మీద ఆనే ట్యాపెట్లు ఏళ్ల తరబడి తమ తమ క్యామ్‌తోనే అరిగి ఉంటాయి. పాతవాటినే మళ్లీ వాడదలిస్తే ఏది ఎక్కడిదో అక్కడికే చేరాలి. అనుభవజ్ఞులు ఒక అట్టముక్కకు 8 రంధ్రాలు పొడిచి పుష్‌రాడ్లను వరుస తప్పకుండా గుచ్చి ఉంచుతారు. ఖర్చు లేని ఈ అట్టముక్క ఖరీదైన పనిముట్లతో సమానం. చేతిలో ఫోను ఉన్న ఈ రోజుల్లో ప్రతి దశలోనూ ఫొటోలు తీసిపెట్టుకోకపోవడం బద్ధకమే అవుతుంది.

వెంట్రుకలో సగం మందం కూడా లెక్కే

అసలు పరీక్ష ఇక్కడి నుంచి మొదలవుతుంది. బోరు పైఅంచు దగ్గర వేలిగోరు ఆనిస్తే గట్టులా తగిలితే సిలిండర్ అరిగిందని తెలుస్తుంది. కానీ ఎంత అరిగిందో గోరు చెప్పదు. మైక్రోమీటరు, బోరు గేజి మాత్రమే చెప్పగలవు. ఈ ఇంజిన్లలో కొలత ప్రమాణం అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.025 మిల్లీమీటరు. మనిషి వెంట్రుక మందంలో ఇది సగం కూడా ఉండదు. క్రాంక్‌కూ బేరింగుకూ నడుమ ఉండాల్సిన ఖాళీ ఇటువంటి ఒకటి నుంచి మూడు వంతుల లోపే. అంతకు తగ్గితే ఆయిల్ పొర నిలవక లోహం లోహాన్ని పట్టేస్తుంది. అంతకు మించితే ఆయిల్ జారిపోయి ఒత్తిడి పడిపోతుంది.

బోరు గుండ్రతనం పోయి కోలగా మారినా, పైనొక కొలత కిందొక కొలత వచ్చినా కొత్త రింగులు వేసి ప్రయోజనం లేదు. లేత్ షాపులో రీబోర్ చేయించాలి. బీ-సిరీస్ ఇంజిన్‌కు 20, 30, 40, 60 వెయ్యో వంతుల అంగుళం మేర పెద్దవైన పిస్టన్లు దొరుకుతాయి. 60 దాటితే బ్లాకులో స్లీవులు వేసి మళ్లీ మొదటి కొలతకు తేవాలి. ఇక్కడ చాలామంది తొందరపడే ఒక విషయం ఉంది. పిస్టన్లను ముందే కొని తెచ్చి, వాటిని లేత్ షాపు చేతిలో పెట్టి, వాటి అసలు కొలతకు తగ్గట్టు బోరు చేయించాలి. డబ్బా మీద రాసిన సైజును నమ్మి బోరు చేసి, పిస్టన్లు తర్వాత కొనడం తలకిందుల పద్ధతి. క్రాంక్ షాఫ్టు సంగతీ ఇంతే: 10 వెయ్యో వంతుల మెట్ల చొప్పున గ్రైండింగ్ చేయించి, అందుకు తగిన అండర్ సైజు బేరింగ్ షెల్స్ వేయాలి.

ఇంటి షెడ్డులో ఎంత నేర్పు ఉన్నా బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్డు ఉపరితలం చదును చేయడం, పగుళ్ల పరీక్ష, వాల్వు సీట్ల అమరిక బయటి యంత్రాల పనులే. బ్రిటన్‌లో ఎంజీబీ యజమానులు చేసేది ఇదే. విజయవాడ ఆటోనగర్‌లోని లేత్ షాపులు దశాబ్దాలుగా లారీలకు, ట్రాక్టర్లకు, అంబాసిడర్లకు చేసిపెట్టిందీ ఇదే. అన్నీ ఇంట్లోనే చేశామని చెప్పుకోవాలన్న పట్టుదల ఇంజిన్‌కు చేటు. యజమాని చేయవలసింది విప్పడం, శుభ్రపరచడం, కొలవడం, సరిచూడటం, బిగించడం. చూడబోతే అదే ఎక్కువ పని.

లేత్ నుంచి తిరిగొచ్చిన బ్లాకును అలాగే బిగించేయడం ఈ మొత్తం వ్యవహారంలో జరిగే అతి ఖరీదైన పొరపాటు. హోనింగ్ చేసిన గోడల గీతల్లో కంటికి కనబడని రాపిడి పొడి దాగి ఉంటుంది. దాన్ని పెట్రోలు, కిరోసిన్ పూర్తిగా తీయలేవు. వేడి సబ్బు నీళ్లతో, బ్రష్షుతో, తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే తెల్లగానే బయటికి వచ్చేదాకా కడగాలి. ఆరిన మరుక్షణం ఆయిల్ పూయాలి. మన కోస్తా తేమలో అరగంట ఆలస్యమైనా తుప్పు రంగు తిరుగుతుంది. బ్లాకు లోపలి ఆయిల్ దారుల ప్లగ్గులు కూడా విప్పి, ఆ దారులను చివరికంటా తోమాలి.

తొమ్మిది లెక్క

బిగింపులో బలం కంటే వరుస ముఖ్యం. మెయిన్ బేరింగు మూతల నట్లకు 70 పౌండ్-అడుగుల బిగువు, హెడ్డు నట్లకు 45 నుంచి 50 అని వర్క్‌షాప్ మాన్యువల్ చెబుతుంది. హెడ్డు నట్లను నడుమ నుంచి మొదలుపెట్టి అంచుల వైపు, ఒకేసారి కాకుండా విడతలుగా బిగించాలి. టార్క్ రెంచ్ లేనివారు ఈ పనికి పూనుకోకపోవడమే మేలు. ఒక్కో మూత బిగించాక క్రాంక్‌ను చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడ బరువెక్కితే ఆ మూత దగ్గరే లోపం.

వాల్వుల నడుమ ఖాళీని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటరుకు సరిచేస్తారు. దీనికి మెకానిక్‌లు వాడే ఒక చక్కని లెక్క ఉంది. ముందు నుంచి వరుసగా వాల్వులకు 1 నుంచి 8 వరకు అంకెలు వేసుకుంటే, 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వ దాన్ని, 6వది తెరుచుకున్నప్పుడు 3వ దాన్ని సరిచేయాలి. రెండు అంకెల మొత్తం ఎప్పుడూ 9. అంబాసిడర్‌కూ ఇదే లెక్క.

మొదటిసారి స్టార్ట్ చేయడానికి తొందర పనికిరాదు. ముందు ప్లగ్గులు తీసి ఉంచి, గేజిలో ఆయిల్ ఒత్తిడి కనబడేదాకా స్టార్టర్‌తో తిప్పాలి. కొత్త క్యామ్, కొత్త ట్యాపెట్లు వేసి ఉంటే స్టార్ట్ అయిన వెంటనే ఇంజిన్‌ను నిమిషానికి 2,000 నుంచి 2,500 చుట్ల వేగంలో దాదాపు 20 నిమిషాలు నడిపించాలి. అందరూ అనుకునేట్టు ఐడ్లింగ్‌లో వదిలేయడం మంచిది కాదు. క్యామ్‌కు ఆయిల్ అందేది చాలావరకు క్రాంక్ తిరుగుతూ చిమ్మడం వల్లనే. నెమ్మదిగా తిరిగితే ఆ చిమ్ముడు చాలదు. కొత్త కార్ల కోసం తయారైన నేటి ఆయిళ్లలో జింక్ పాలు తగ్గింది. పాత రకం ట్యాపెట్లకు అది రక్షణ పొర వంటిది కనుక, పాత ఇంజిన్లకు అనువైన ఆయిల్‌నే ఎంచుకోవాలి.

మారిన పెట్రోలు

ఈ ఇంజిన్ పుట్టిన నాటి పెట్రోలు ఇప్పుడు లేదు. అప్పటి పెట్రోలులో సీసం ఉండేది. అది ఎగ్జాస్ట్ వాల్వు సీటు అరిగిపోకుండా మెత్తలా పనిచేసేది. భారతదేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్మకంలో ఉంది. బ్రిటన్‌లోనూ అదే సమయానికి సాధారణ అమ్మకం ఆగింది. ఆరోగ్యం దృష్ట్యా అది ఎంతో అవసరమైన మార్పు. అయితే పాత హెడ్డు ఎలాగూ విప్పినప్పుడు గట్టి లోహపు ఎగ్జాస్ట్ సీట్లు వేయించుకుంటే ఆ సమస్య తీరిపోతుంది.

రెండో మార్పు ఇథనాల్. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సాధారణ రకమైంది. భారత్‌లో ఆ పాలు 20 శాతానికి చేరింది. పాత కాలపు రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బి, పగులుతాయి. వేడి ఎగ్జాస్ట్ గొట్టానికి సరిగ్గా పైన కార్బురేటర్లు కూర్చున్న ఇంజిన్‌లో పెట్రోలు కారడం అంటే అగ్నిప్రమాదమే. ఇంజిన్ కొత్తగా చేయించి గొట్టాలు పాతవే ఉంచడం తగని పొదుపు.

ప్రాణం మీదికి తెచ్చేవి

జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు. జాకీ ఎత్తడానికే, మోయడానికి గట్టి నేల మీద నిలిపిన స్టాండ్లు ఉండాలి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. మనిషికి తెలిసేలోగా స్పృహ తప్పిస్తుంది. ఆ కాలపు గ్యాస్కెట్లలో, క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. బ్రిటన్ తెల్ల ఆస్బెస్టాస్ వాడకాన్ని నిషేధించింది 1999లో. కాబట్టి పాత క్లచ్ దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకుండా తడిగుడ్డతో తుడిచి తీయాలి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ చర్మానికి హానికరం. చేతి తొడుగులు తప్పనిసరి. ఆ ఆయిల్‌ను మురుగు కాల్వలో పోయడం భారతదేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలకు విరుద్ధం.

ఒక పుస్తకం చేసిన మేలు

ఇంటి దగ్గర ఇంజిన్ విప్పే అలవాటు బ్రిటన్‌లో అంతగా వ్యాపించడానికి వర్క్‌షాప్ పుస్తకాలు ఊతమిచ్చాయి. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేస్తూ ఏడెన్‌లో ఉన్న జాన్ హేన్స్, తన సహోద్యోగి ఆస్టిన్-హీలీ స్ప్రైట్ స్పోర్ట్స్ కారును బాగుచేయడంలో సాయపడ్డారు. కంపెనీ మాన్యువల్ మామూలు మనిషికి ఉపయోగపడేలా లేదని గమనించి, కారును విప్పుతూ ప్రతి దశనూ ఫొటో తీశారు. 1966లో వెలువడిన ఆయన తొలి మాన్యువల్ 3,000 ప్రతులు మూడు నెలల్లోపే అమ్ముడుపోయాయి. ఎంజీబీకి మాన్యువల్‌తోపాటు విడిభాగాల అండ కూడా ఉంది. 1975లో ఏర్పడిన బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ అసలు అచ్చులతోనే 1988 నుంచి ఎంజీబీ బాడీలను మళ్లీ తయారుచేస్తోంది. మన అంబాసిడర్‌కు తయారీ 2014లో ఆగిన తర్వాత అటువంటి అండ దొరకలేదు.

చట్టం ఏమంటోంది?

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, గణనీయమైన మార్పులకు లోనుకాని వాహనాలకు 2018 మే నుంచి వార్షిక పరీక్ష తప్పనిసరి కాదు. ఆ మినహాయింపు యజమాని బాధ్యతను తగ్గించదు. ప్రమాదకర స్థితిలో ఉన్న కారును రోడ్డెక్కించడం అక్కడ ఇప్పటికీ నేరమే. సొంతంగా ఇంజిన్ బిగించుకున్న కారును ఇంకొకరి కంటితో ఒకసారి పరీక్షింపజేసుకోవడం అందుకే వివేకం.

భారత్‌లో 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన రెండు, నాలుగు చక్రాల వాహనాలకు నంబరులో 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000. అటువంటి వాహనాన్ని నిత్య ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. యజమానులు జాగ్రత్తగా చదవాల్సింది నిర్వచనాన్ని: చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో మార్పులు సహా భారీ పునర్నిర్మాణం జరగకుండా అసలు రూపంలో ఉన్న వాహనమే వింటేజ్ కిందికి వస్తుంది. అరిగిన బోరును సరిచేసి అదే బ్లాకును నిలబెట్టడం ఒక సంగతి, ఆ బ్లాకును పారేసి మరో కంపెనీ ఇంజిన్ ఎక్కించడం మరో సంగతి. ఈ రెండింటి మధ్య తేడాను కాగితాల మీద చూపగలిగేలా లేత్ షాపు బిల్లులు, విడిభాగాల రసీదులు, ఫొటోలు భద్రపరచుకోవాలి.

రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండే ఇంజిన్ నంబరు ఎంజీబీలో బ్లాకు కుడి పక్కన రివెట్లతో బిగించిన చిన్న రేకు మీద ఉంటుంది. శుభ్రపరచడానికి బ్లాకును రసాయనాల తొట్టిలో వేసే ముందు ఆ రేకును ఫొటో తీసి, జాగ్రత్తగా ఊడదీసి, యజమాని తన దగ్గరే ఉంచుకోవాలి.